తాడు, రెండు మేకులు

ఉస్మాన్‌గంజ్‌లోని మా మద్రసాలో ఒకనాడు అస్ర్ నమాజు అనంతరం ఒక విద్యార్థి పాత వార్తాపత్రిక ముక్క తెచ్చి మా ముందుంచాడు. పెరూ దేశపు నాజ్కా ఎడారి నేలపై గీసిన మహాకాయ పక్షి చిత్రమది. "హజ్రత్! ఇంత పెద్ద బొమ్మ ఎవరు గీశారు?" అని అడిగాడు. "జిన్నాతుల పని అయి ఉంటుంది" అని తొందరపడి బదులిచ్చాము.

రెండు రోజులకు ఆ పిల్లవాని తండ్రి వచ్చి, "మౌలానా సాబ్, తమరు చెప్పిన సంగతి ఏ కితాబులో ఉంది?" అని వినయంగా అడిగారు. మా వద్ద జవాబు లేదు. ముప్పై ఏళ్ల బోధనలో అంతటి సిగ్గు మేమెరుగము.

అటుపై చదివి తెలుసుకున్నాము. సుమారు 2000 ఏళ్ల క్రితం నాజ్కా ప్రజలు నేలపైని నల్లని రాళ్లను తొలగించగా, అడుగునున్న లేతరంగు మన్ను గీతలుగా తేలింది. అక్కడ వర్షం అత్యల్పం కనుక అవి చెరగలేదు. మేకులు, తాళ్లతో అటువంటి చిత్రాలు గీయవచ్చునని తరువాతివారు గీసి చూపారు. ఎందుకు గీశారన్న విషయంలో మాత్రం పండితులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు.

బజారు నుండి తాడు, రెండు మేకులు తెప్పించి మద్రసా ఆవరణలో పిల్లలచేత ఒక పెద్ద వలయం గీయించాము. ఒక మేకు నడుమ పాతి, రెండవదాన్ని తాడు బిగువున తిప్పేసరికి గీత తప్పులేకుండా వచ్చింది. అప్పుడు వారి ఎదుటే మా పొరపాటు ఒప్పుకున్నాము.

ఇటువంటి ప్రశ్న మన ముంగిటనే ఉంది. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో, కృష్ణా తీరాన, 10 నుండి 14 అడుగుల నిలువురాళ్లు దాదాపు 80 ఉన్నాయి. అవి 3000 ఏళ్లకు పైబడినవంటారు. అక్కడి ఒక రాతిపై తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతాయని పరిశోధకుల అభిప్రాయం. 2025లో ఆ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. అంతటి రాళ్లను నిలబెట్టినవారు కూడా చెమటోడ్చిన మనుషులే.

జిన్నాతుల ఉనికి మన విశ్వాసంలో భాగం. అయితే తెలియని ప్రతిదాన్నీ వారికి అంటగట్టడం విశ్వాసం కాదు, సోమరితనం. పైగా అది శ్రమించిన మానవుల హక్కును కాజేయడమే. భూమిపై సంచరించి పూర్వజాతుల జాడలు చూడమని దివ్యఖుర్‌ఆన్ పదేపదే బోధిస్తున్నది. "నాకు తెలియదు" అనడానికి ఇమామ్ మాలిక్ (రహ్మ) వంటి మహావిద్వాంసుడే సంకోచించలేదు.

సోదర సోదరీమణులారా! మీ బిడ్డ అడిగినదానికి జవాబు తెలియకపోతే "తెలియదు, కలిసి తెలుసుకుందాం" అనండి. ఆ మాట అనడానికి మాకు ఇంతకాలం పట్టింది.