ధూళి మాటున వెలుగు

ఆకాశంలో పాల చారవలె పరచుకొన్న వెలుగును తెలుగువారు పాలపుంత అన్నారు. పుంత అనగా పొలాల నడుమ సాగే బండిదారి. ఉర్దూలో దానినే కహకషాన్ అంటారు. ఫార్సీ నుండి వచ్చిన ఆ మాటలో ‘కాహ్’ అనగా ఎండుగడ్డి; ‘కషాన్’ అనగా ఈడ్చుకొని పోవుట. గడ్డి మోపు పోయిన దారిన రాలిన పోచల వరుస అన్నమాట. ఒకరినొకరు సంప్రదించుకోకుండానే రెండు భాషల పెద్దలూ నింగిలో ఒక దారినే చూశారు. మన పల్నాటి దారులు ఎరిగిన వారికి, దారి ఉన్న చోట దుమ్ము కూడా ఉండునని వేరుగా చెప్పనక్కరలేదు. ఈ నాలుగు మాటలూ ఆ దుమ్మును గురించినవే.

1983 వేసవిలో మేము అన్నదమ్ములం ముగ్గురమూ పిడుగురాళ్ళలో మా నాపరాళ్ళ మిద్దెపై పడుకొనేవారము. పగలంతా ఎండను త్రాగిన రాయి అర్ధరాత్రి దాకా వీపుకు వెచ్చగా తగిలేది. కంటికి కనిపించే వెలుగు ఆ రాతిలో లేదు. వేడి మాత్రం ఉన్నది. అట్టి కనిపించని వెలుగే పరారుణ కిరణాలు. పట్టకంతో సూర్యకాంతిని విడదీసి, ఎరుపునకు అవతల ఉన్న చీకటిలో ఉష్ణమాపకం ఉంచి, అక్కడ పాదరసం ఇంకా పైకి ఎక్కుటను విలియం హెర్షెల్ 1800లో గమనించారు.

మేము మిద్దెపై నిద్రించిన ఆ రాత్రులలోనే, భూమికి 900 కిలోమీటర్ల ఎత్తున ఐరాస్ అనే ఉపగ్రహం తిరుగుతూ ఉన్నది. అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ దేశాలు కలిసి 1983 జనవరి 25న దానిని ప్రయోగించాయి. గాలిలోని నీటి ఆవిరి దూర పరారుణ కిరణాలను మ్రింగివేస్తుంది. అందుచేత వాటిని చూడగోరినవారు వాయుమండలాన్ని దాటవలసిందే. అంతటితో చాలదు. టెలిస్కోపు తన స్వంత వేడితో తానే వెలుగుతుంది గనుక దానిని ద్రవ హీలియంతో చల్లబరచాలి. ఆ హీలియం పది నెలలకు నిండుకొన్నది. ఆ లోపుననే ఐరాస్ ఆకాశంలో నూటికి 96 వంతులు పరిశీలించినది.

అది చూపిన వింత ఏమనగా, కొన్ని గెలాక్సీలు మామూలు టెలిస్కోపులకు మసకగా కనిపిస్తూ, పరారుణంలో మహోజ్జ్వలంగా వెలుగుతున్నాయి. ఆర్ప్ 220 అనే గెలాక్సీ లక్ష కోట్ల సూర్యులకు మించిన వెలుగు గలది. అందులో దాదాపు అంతా పరారుణమే. రెండు గెలాక్సీలు ఢీకొని కలిసిపోతుండగా అక్కడ నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి. పుట్టే నక్షత్రాల చుట్టూ ధూళి మేఘం ఉంటుంది. అది వాటి వెలుగును మ్రింగి, తాను వెచ్చబడి, ఆ శక్తిని దూర పరారుణ కిరణాలుగా తిరిగి ఇస్తుంది. వెచ్చన అన్నామే గాని, ఆ ధూళి సున్నాకు సుమారు 240 డిగ్రీలు దిగువన ఉంటుంది. ఆ కొద్దిపాటి వేడినే ఈ టెలిస్కోపులు పసిగడతాయి.

సున్నపు బట్టీ చూచిన మాకు ఈ సంగతి అర్థం కావడానికి ఏ గ్రంథమూ అక్కరలేకపోయినది. బట్టీలోని నిప్పు బయటకు కనిపించదు. గోడ దగ్గరకు పోయిన వానికే తెలుస్తుంది. మా నాన్నగారు బట్టీలో కూలి. సాయంత్రానికి తల, కనుబొమలు, చొక్కా అన్నీ తెల్లబడి వచ్చేవారు. ఒకనాడు మా పరీక్ష రుసుము ఇవ్వడానికి అట్లే వచ్చి బడి గేటు వద్ద నిలబడ్డారు. “ఎవరో బట్టీ మనిషిరా” అన్నాడు మా తోటివాడు. మేము ముగ్గురమూ అక్కడే ఉన్నాము. ఒక్కరమూ పెదవి విప్పలేదు. ఆయన లోపలికి రాలేదు. చేతులు దులుపుకొని, డబ్బు బంట్రోతుకు ఇచ్చి వెళ్ళిపోయారు. ఆ మాట ఆయనకు వినబడినదో లేదో మేము ఎన్నడూ అడుగలేదు.

2009 మే 14న ఐరోపా వారు పంపిన టెలిస్కోపుకు ఆ హెర్షెల్ పేరే పెట్టారు. మూడున్నర మీటర్ల అద్దంతో, 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి, 2013 ఏప్రిల్‌లో హీలియం అయిపోయేవరకు అది పనిచేసినది. దూరాన్ని చూచుట అనగా గతాన్ని చూచుటే. మన పాలపుంతలో నేడు ఏటా ఒకటి రెండు సూర్యులంత పదార్థం మాత్రమే నక్షత్రాలుగా మారుతున్నది. ప్రాచీన కాలపు ధూళి గెలాక్సీలు కొన్నింట అది వందలు, ఒక్కొక్కచోట వేయి దాటినది. సుమారు వెయ్యి కోట్ల సంవత్సరాల క్రితం విశ్వంలో నక్షత్ర జననం ముమ్మరంగా సాగినదని ఇట్టి సర్వేలు తేల్చాయి. మన హైదరాబాదు నుండి కూడా టాటా సంస్థ శాస్త్రజ్ఞులు ఒక మీటరు అద్దం గల టెలిస్కోపును బెలూనుకు కట్టి, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు పలుమార్లు పంపి, మన గెలాక్సీలో నక్షత్రాలు పుట్టే చోట్లను దూర పరారుణంలో చిత్రించారు.

ఈ సర్వేలన్నీ కలిసి తేల్చిన లెక్క ఒకటి కలదు. విశ్వంలో నక్షత్రాలు నేటివరకు వెదజల్లిన వెలుగులో దాదాపు సగాన్ని ధూళి మ్రింగి, వేడిగా మార్చి పంపినది. కంటికి కనిపించిన దానినే నమ్మి వ్రాసిన చరిత్రలో సగమే ఉన్నది.

ఆ లెక్క చదివిన రాత్రి మా ముగ్గురికీ గేటు వద్ద నిలబడిన మనిషే గుర్తుకు వచ్చారు. నాన్నగారు ఇప్పుడు లేరు. విద్యార్థులారా, రుసుము కట్టే దినాన గేటు వద్ద ఎవరైనా దుమ్ము బట్టలతో నిలబడి ఉంటే, మీ తోటివారు అడుగక ముందే చెప్పండి, “మా నాన్న” అని.