బీదరు దారిలో ఒక రోజు

హైదరాబాదు నుండి బీదరుకు సుమారు 140 కిలోమీటర్లు. ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరితే ఎండ ముదరక మునుపే చేరవచ్చునని మా మిత్రుడు అన్నాడు. కారు ఆయనది, ఆలోచన కూడా ఆయనదే. అప్పటికి రెండేళ్ళుగా మా మధ్య రాకపోకలు లేవు. మా బస్తీలోని మదర్సా నిధికి ఆయన లెక్కలు చూసేవాడు. సొమ్ము తగ్గిందని ఎవరో చెవిన వేస్తే మేము నమ్మాము. ఆయనను ఒక్క మాటైనా అడగలేదు. తరువాత లెక్కలు పైసాతో సహా సరిపోయాయి గాని, అప్పటికే ఆయన ఆ బాధ్యత వదులుకున్నాడు. క్షమాపణ కోరవలసిన వారము మేము. ఫోను చేసి పిలిచినది మాత్రం ఆయనే.

సంగారెడ్డి దాటే వరకు రోడ్డు గురించీ, వానల గురించీ మాట్లాడుకున్నాము. జహీరాబాదులో ఆగి జొన్నరొట్టె, వంకాయ కూర, వేరుసెనగ పొడి తిన్నాము. రొట్టె పెనం మీది నుండి నేరుగా పళ్ళెంలోకి వచ్చింది. ఇంత రుచిగల రొట్టెను మన ఇళ్ళలో ఎందుకు మానుకున్నామో తెలియదు.

అక్కడి నుండి కుడివైపు తిరిగితే నేల రంగు మారుతుంది. ఎర్రరాతి పీఠభూమి మీద, అదే ఎర్రరాతితో కట్టిన కోట బీదరుది. అహ్మద్ షా వలీ గుల్బర్గా నుండి రాజధానిని ఇక్కడికి మార్చిన నాటి నుండి బహమనీల వైభవమంతా ఇక్కడే. రంగీన్ మహల్‌లో నల్లరాతిలో పొదిగిన ముత్యపుచిప్పల పనినీ, సోలా ఖంబా మసీదు స్తంభాల వరుసలనూ చూశాము. కోట మట్టితోనే నేటికీ బిద్రీ పనివారు పాత్రలకు నలుపు తెస్తారు. ఆ నలుపు మీద వెండి తీగ మెరుస్తుంది.

మా మనసు నిలిచినది మాత్రం పాత పట్టణంలోని మహమూద్ గవాన్ మదర్సా వద్ద. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుండి వర్తకుడుగా వచ్చి బహమనీ ప్రధానమంత్రి అయిన గవాన్ 1472లో దీనిని కట్టించాడు. మూడంతస్తుల భవనం. 17వ శతాబ్ది చివర, లోపల నిల్వ చేసిన మందుగుండు పేలి సగం కూలిపోయింది. మిగిలిన మీనారు మీద నీలి, పసుపు, తెలుపు పలకలు ఇంకా అక్కడక్కడా అంటుకొని ఉన్నాయి.

లేఖారచన మీద గ్రంథం రాసిన ఆ పండితుని ప్రాణం ఒక దొంగ లేఖే తీసింది. గిట్టనివారు ఆయన ముద్ర వేయించిన ఖాళీ కాగితం సంపాదించి, ఒడిశా గజపతిని దండయాత్రకు పిలుస్తున్నట్లు రాశారు. సుల్తాను మూడవ మహమ్మద్ షా విచారణ లేకుండానే మరణశిక్ష విధించాడు. అది 1481, మన కొండపల్లి వద్ద విడిసిన దండులో. గవాన్ అప్పటికి వృద్ధుడు. ఆయన ఖజానా తెరిపిస్తే సిరులేవీ దొరకలేదు. సైన్యానికొక పద్దు, పేదలకొక పద్దు. తన తిండి ఖర్చు మాత్రం సొంత వర్తకపు మూలధనం నుండి. ఫిరిష్తా చరిత్ర చెప్పే మాట ఇది. మరుసటి ఏడే సుల్తాను కూడా గతించాడు.

ఈ కథ మా మిత్రుడే చెప్పాడు, మీనారు వైపు చూస్తూ. పద్దుల మాట వచ్చినప్పుడు మేము తల ఎత్తలేకపోయాము.

చౌబారా గడియార బురుజు సమీపంలోని చిన్న హోటలులో మధ్యాహ్నం బగారా అన్నం, దాల్చా తిన్నాము. దాల్చాలోని సొరకాయ ముక్కలను ఏరి మా పళ్ళెంలో వేశాడు. చదువుకునే రోజుల్లో హాస్టలులో కూడా ఇలాగే వేసేవాడు. తనకు సొరకాయ గిట్టదు, మాకు ఇష్టం.

ఊరి వెలుపల గవాన్ సమాధి ఉంది. అష్టూరులోని సుల్తానుల గుంబజుల ముందు అది ఎంతో నిరాడంబరం. ఫాతిహా చదివి లేచాక, అడగకుండా నమ్మినందుకు మన్నించమని కోరాము. ఆయన ఏమీ అనలేదు. అసర్ వేళయిందని గుర్తుచేసి, నీళ్ళ సీసా చేతికిచ్చాడు.

తిరుగు దారిలో జహీరాబాదు దాటాక, మదర్సా లెక్కలు ఇప్పుడెవరు చూస్తున్నారని అడిగాడు. మేమేనని, మూడు నెలలుగా కలవడం లేదని చెప్పాము. చాలాసేపు నవ్వాడు.

"ఆదివారం పుస్తకం తీసుకొని ఇంటికి రా భాయీ," అన్నాడు. "రసీదులు కూడా మరచిపోకు."