అర ఇడ్లీ కరెంటు

మొన్న మా బావగారు ఫోన్ చేశారు. "ఏమోయ్, ఆ కరెంటు కోటు తొడుక్కుని ఇరవై నిమిషాలు నిలబడితే పొట్ట కరిగి కండ పడుతుందిటగా!" డెబ్బై రెండేళ్ల మనిషి గొంతులో ఎంత ఆశో! ఆయనకు ఒక్క ముక్కలో జవాబు చెప్పేశాను గానీ, మీతో కాస్త తీరిగ్గా మాట్లాడాలి.

ఈఎమ్‌ఎస్ అంటారు దీన్ని. మెదడు నరం ద్వారా కండకు పంపే కబురును ఇక్కడ కరెంటు పంపుతుంది, అంతే. 1791లో ఇటలీ దేశపు గాల్వాని, కరెంటు తగిలి చచ్చిన కప్ప కాళ్లు కొట్టుకున్న వైనం అచ్చు వేయించాడు. ఇప్పుడు ఆ కప్ప చోట మనం, తడి కోటులో!

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో వోల్ఫ్‌గాంగ్ కెమ్లర్ బృందం ఏళ్ల తరబడి దీని నిగ్గు తేలుస్తోంది. ఒకే తేలిక వ్యాయామాన్ని కరెంటుతో, కరెంటు లేకుండా చేయించి కొలిస్తే గంటకు 412 కేలరీలు, 352 కేలరీలు వచ్చాయి. తేడా 60. మనం చేసేది 20 నిమిషాలేగా? అంటే 20 కేలరీలు. అర ఇడ్లీ. చట్నీ లెక్కలోకి రాదు!

అలాగని తీసిపారెయ్యకండి. డెబ్బై దాటి, కొవ్వు పెరిగి కండ తరిగిన 100 మంది మగవాళ్లను అదే బృందం 16 వారాలు గమనించింది. ఒక జట్టుకు కరెంటూ ప్రొటీనూ, ఇంకో జట్టుకు ఒట్టి ప్రొటీను, మూడో జట్టును దాని మానాన వదిలేశారు. కొవ్వు మొదటి రెండు జట్లకూ తగ్గింది. కండ విషయంలో మాత్రం కరెంటూ ప్రొటీనూ కలిసిన జట్టుదే పైచేయి. వాళ్లు తిన్న ప్రొటీను కిలో బరువుకు రోజుకు 1.7 గ్రాములకు పైమాటే. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి చెప్పేది 0.83. గుట్టంత అన్నం మీద గరిటెడు పప్పు పోసుకునే మనకు ఆ 0.83 అందితేనే గొప్ప! అయితే మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టరును అడక్కుండా పప్పు, గుడ్లు పెంచకూడదు.

మొదటి రోజే మీట గట్టిగా తిప్పించుకోకండి. కండ చితికి, ఆ చెత్త మూత్రపిండాల మీద పడుతుంది. మూత్రం కాఫీ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ కోటు జోలికే పోకూడదు.

మా బావగారికి పోయినేడు పేస్‌మేకర్ పెట్టారు. నేను చెప్పిన ఒక్క ముక్క: "వద్దు."