దమ్ము ఎటు పోయింది?

విజయవాడ ఆటోనగర్‌లో దారి అడిగితే వీధి పేరు చెప్పేవాళ్లు తక్కువ. పని పేరు చెబుతారు. "రేడియేటర్లవాళ్లు దాటాక, కమాన్ కట్టల షాపు దగ్గర ఎడమకి తిరగండి" అన్నాడొక కుర్రాడు, చేతిలో వెల్డింగ్ అద్దం పట్టుకుని. లారీ బాడీలు కట్టే సుత్తి దెబ్బల మధ్య మా బావ వ్యాను మెల్లగా పాకింది.

బావది ఏలూరులో క్యాటరింగ్. వ్యానుకి పద్దెనిమిదేళ్లు. లోపల బియ్యం, కూరగాయలు, పొయ్యిలు; పైన క్యారియర్ మీద గంగాళాలు, గుండిగలు. ఊళ్లో బాగానే తిరుగుతుంది. హైవే ఎక్కితేనే ఏడుపు. ఫ్లైఓవర్ వస్తే మూడో గేరు, వెనక లారీవాడి హారన్. మొన్న రాజమండ్రి పెళ్లికి పెళ్లికొడుకు కంటే ఆలస్యంగా చేరిందట.

షెడ్డులో మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. బావ దిగీ దిగగానే అడిగేశాడు. "మేస్త్రి గారూ, పంపు కాస్త పెంచండి. లాగట్లేదు."

పంపు పెంచడమంటే డీజిల్ పంపు స్క్రూ తిప్పి ఇంజిన్‌కి ఎక్కువ డీజిల్ వదలడం. పాత బళ్లలో అది చాలా తేలిక.

"ఇది పెట్టినదంతా తినలేకపోతోంది బాబూ. వెనక నల్ల పొగ చూశావా? మండకుండా పోయిన డీజిలే అది. ఇంకా పోస్తే ఏం చేస్తుంది?"

డీజిల్ మండాలంటే గాలి కావాలి. గాలి చాలకుండా డీజిల్ పెంచితే పొగ పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. ఆ వేడికి హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు, పిస్టన్ కరగొచ్చు. నాలుగు రోజుల హుషారుకి ఇంజిన్ దించాల్సి వస్తుంది. అందుకే ఆయన స్క్రూ జోలికి పోలేదు. బండిలో ఉన్న దమ్ము ఎటు పోతోందో వెతకడం మొదలెట్టాడు.

ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకేసి కొట్టాడు. గుప్పెడు దుమ్ము రాలింది. తర్వాత నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించి చూశాడు. వెనక ఎడమది కాలింది. జాకీ ఎత్తి తిప్పితే చక్రం అర చుట్టు కూడా తిరగలేదు, బ్రేకు లైనర్లు డ్రమ్మును పట్టుకునే ఉన్నాయి. అంటే ఏలూరు నుంచి 60 కిలోమీటర్లూ బావ ఒక చక్రానికి బ్రేకు వేసుకునే వచ్చాడన్నమాట.

అసలు దొంగ టర్బో దగ్గర దొరికాడు. సైలెన్సర్‌లోకి పోయే పొగ విసురుకే టర్బోలో చిన్న చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాని జోడు చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. నొక్కిన గాలి వేడెక్కి పలచబడుతుంది కాబట్టి దారిలో ఇంటర్‌కూలర్ దాన్ని చల్లార్చి పంపుతుంది. ఈ దారంతా రబ్బరు పైపులు. మేస్త్రి ఒక పైపు ఊడదీసి, ఒక కొస మూసి, రెండో కొస నుంచి కొద్దిగా గాలి పట్టించాడు. కుర్రాడు సబ్బు నీళ్లు రాశాడు. పంక్చర్ షాపులో ట్యూబుకి లేచినట్టే క్లిప్పు కింద బుడగలు లేచాయి. వేలెడంత చీలిక.

"నువ్వు డీజిల్ చాలట్లేదనుకున్నావు. దీనికి చాలనిది గాలి," అన్నాడు మేస్త్రి, చేతులు తుడుచుకుంటూ.

డీజిల్ చిమ్మే నాజిల్స్ మాత్రం రెండు సందుల అవతల పంపు రూముకి పంపాడు. నేనూ వెంట వెళ్లాను. ఆ ఆవరణలో దుమ్ము లేనిది ఆ గదొక్కటే. నాజిల్‌ని పరికరానికి బిగించి మీట నొక్కితే పొగమంచులా చిమ్మాలి. మూడు అలాగే చిమ్మాయి. నాలుగోది చుక్కలు కార్చింది. దగ్గరికి వంగబోతే ఆపరేటర్ నన్ను వెనక్కి లాగాడు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుందట.

తిరిగొచ్చేసరికి మేస్త్రి వ్యాను పైకి చూస్తున్నాడు.

"ఆ గంగాళాలు ఎప్పుడూ అక్కడేనా?"

"లోపల చోటెక్కడిది మేస్త్రి గారూ?"

"వాటితో గాలిని మోస్తున్నావు."

లెక్క వేసి చూశాను. గంటకు 60 నుంచి 80కి వెళితే గాలి ఎదురుదెబ్బ దాదాపు 1.8 రెట్లవుతుంది. దాన్ని తోసుకుపోవడానికి ఇంజిన్ పెట్టాల్సిన శక్తి 2.4 రెట్లు. ఊళ్లో తెలియని గంగాళాల భారం హైవే మీద తెలిసేది ఇందుకే. బోర్లించిన గిన్నె నెత్తిన పెట్టుకుని ఎదురుగాలిలో సైకిలు తొక్కినట్టు.

ఇంకా పెద్ద ఇంజిన్ వేయించుకోవచ్చా అని బావ చివరి ఆశగా అడిగాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా అలాంటి మార్పులు కుదరవు. అదీగాక సరుకు బండికి నాలుగు వరసల రహదారిపై గరిష్ఠ వేగం 80. "ఆ 80 దాకా ఇదే పోతుంది, రా" అని మేస్త్రి తనే పక్క సీటెక్కాడు.

దొరికిన లోపాలన్నీ సరిచేశాక, గంగాళాలు షెడ్డులో దించి, గన్నవరం వైపు వెళ్లాం. ఫ్లైఓవర్ మొదట్లో బావ చెయ్యి అలవాటుగా గేరు రాడ్ మీదికి పోయింది. "ఉంచు," అన్నాడు మేస్త్రి. నాలుగో గేరులోనే శిఖరం దాటాం. అద్దంలో చూస్తే వెనక పొగ లేదు. రాకెట్‌లా ఏమీ దూసుకుపోలేదు. మిగతా బళ్లతో పాటు పోయింది, అంతే.

వచ్చాక బావ తాళం తిప్పబోతే మేస్త్రి ఆపాడు. హైవే మీంచి వచ్చిన టర్బో కాలిపోతూ ఉంటుంది. ఇంజిన్ టక్కున కడితే దానికి ఆయిల్ అందడం ఆగిపోతుంది, లోపలి ఆయిల్ మాడిపోతుంది. ఒక నిమిషం అలా తిరగనివ్వాలి.

ఆ రాత్రి ఏలూరులో ఇంటి ముందు వ్యాను ఆగింది. గంగాళాలు ఒకదానిలో ఒకటి ఇమిడి లోపలే ఉన్నాయి; చోటు లేదన్నది పేర్చడం తెలియకే. బావ దిగకుండా సీట్లో కూర్చునే ఉన్నాడు.

"ఇంటికొచ్చి ఇంకా కట్టరేం?" అని అక్క లోపల్నుంచి కేకేసింది.

"ఒక్క నిమిషం," అన్నాడు బావ, గడియారం చూసుకుంటూ.