మైనాకుని ఆతిథ్యము

మన దేశమున స్త్రీలు ఇల్లు కదలుటకు కొన్ని కారణములు ఏర్పడియున్నవి. పురిటికి పుట్టినింటికి పోవచ్చును. పెండ్లికి, పేరంటమునకు పోవచ్చును. ఆప్తులకు జబ్బు చేసినచో పరిచర్యకు పోవచ్చును. పుణ్యమునకై తీర్థయాత్ర చేయవచ్చును. ఈ నాలుగింటిలో దేనియందును విశ్రాంతి యను మాట లేదు. పెండ్లికి పోయిన ఇల్లాలు వంటయింట తేలును. తీర్థమునకు పోయినను మూటలు కాచునదియు, పిల్లలకు పులిహోర పొట్లములు విప్పునదియు ఆమెయే. ఊరక కూర్చుండుటకై ఎచ్చటికైన పోవుదమన్నచో, "ఊరక కూర్చుండుటకు అంత దూరమేల? ఇంట కుర్చీలు లేవా?" యని నవ్వుదురు. ఆ నవ్వునకు మేము గత మాఘమాసమున నాలుగు దినములు వెచ్చించి ఒక సమాధానము తెచ్చుకొంటిమి. దానిని సోదరీమణులతో పంచుకొనుటకే ఈ వ్రాత.

మేము కాకినాడ చెంత ఒక ఊరిలో ఉపాధ్యాయుల ఇండ్ల ఇల్లాండ్రము, ఏడుగురము. శనివారము సాయంకాలములయందు కలిసి సుందరకాండ పారాయణము చేసికొనువారము. రెండేండ్ల క్రిందట ఒకనాడు హనుమంతుడు సముద్రమును దాటు ఘట్టము చదువుచుంటిమి. ఇక్ష్వాకువంశముపట్ల కృతజ్ఞతగల సాగరుడు, నీటిలో దాగియున్న మైనాకపర్వతమును పైకి లెమ్మని కోరును. మైనాకుడు లేచి, క్షణకాలము తనపై విశ్రమించి పొమ్మని హనుమంతుని వేడుకొనును. హనుమంతుడు ఆ పర్వతమును చేతితో స్పృశించి, నడుమ నిలువరాదని చెప్పి సాగిపోవును. ఇది విని మాలో అందరికంటె చిన్నది, "మనమందరము హనుమంతులమే కదా వదినగారూ! ఎవరు కూర్చోమన్నను చేయి తాకించి లేచిపోవుచుందుము" అనినది. అందరము నవ్వితిమి గాని ఆ మాట మనసులలో నిలిచిపోయినది.

ఆ మరుసటి నెలనుండి తలకు వేయి రూపాయల చొప్పున నిధి కట్టుట మొదలుపెట్టితిమి. ఇరువదినాలుగు నెలలకు ఒక్కొక్కరికి 24,000 రూపాయలు సమకూడినవి. కొందరు ట్యూషను సొమ్ములో మిగిల్చిరి. కొందరు రెండు పండుగలకు చీరలు మానుకొనిరి. సముద్రము నడుమ దీవి యనగానే మాకు అండమానులు తోచినవి.

ఇండ్లలో అభ్యంతరములు రాకపోలేదు. మా అత్తగారు, "అచ్చట దేవాలయమున్నదా?" అని యడిగిరి. "మాఘమాసమున సముద్రస్నానము పుణ్యమే కదా అత్తయ్యా" అంటిమి. ఆమె కొంతసేపు మా మొగము చూచి, "పుణ్యమునకు కాదని నాకు తెలియును, పోయిరా" అనిరి. మా వారు బడిలో నలువదిమంది పిల్లలకు లెక్కలు చెప్పుదురు గాని, కుక్కరులో గ్లాసు బియ్యమునకు ఎన్ని గ్లాసుల నీరు పోయవలెనో ఆ లెక్క మాత్రము ప్రయాణమునకు ముందు వారము నేర్చుకొనిరి.

అసలు చిక్కు వదినగారిది. ఆమె మాలో పెద్దవారు, వీథివీథికంతకును వదినగారే. ఆమె అత్తగారు పక్షవాతముతో తొమ్మిదేండ్లు మంచముపై నుండి గత ఆషాఢమున గతించిరి. ఆ తొమ్మిదేండ్లును మందు, పాలు, పక్క మార్చుట, ఒడలు తుడుచుట సమస్తమును వదినగారివే. నిధికి తప్పక సొమ్ము కట్టుచుండిరి గాని, తాము రాగలమని వారు ఎన్నడును అనుకొనలేదు. ఇప్పుడు అడ్డు లేకపోయినను, "నేను వచ్చి ఏమి చేయుదునమ్మా?" అనుచుండిరి. ఆ ప్రశ్నలో వినయము కాదు, నిజమైన భయమే యుండెను.

రాత్రి రైలులో చెన్నపట్టణము చేరి, ప్రొద్దున విమానమెక్కితిమి. ఓడలో మూడు దినములు పట్టు దూరమును విమానము రెండు గంటల పైచిలుకు కాలములో దాటించినది. దిగిన పట్టణమును మనము పోర్టు బ్లెయిరని ఎరుగుదుము. 2024లో దానికి శ్రీ విజయపురమని పేరు పెట్టిరి. బజారులో మొదట మా చెవిని పడినది తెలుగే! 2011 జనాభా లెక్కలలో ఆ దీవులవారిలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. మన శ్రీకాకుళపు తీరమునుండి వలసపోయిన బెస్తవారు అచ్చట ఎందరో కలరు. కూరగాయలమ్ము ఒకామె, "ఏ ఊరమ్మా మీది?" అని యడిగి రెండు నిమ్మకాయలు ఊరక ఇచ్చినది.

ఆ మధ్యాహ్నము సెల్యులరు జైలు చూచితిమి. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన కట్టడమది. నడుమ గోపురమునుండి ఏడు వైపులకు ఏడు వరుసలుగా గదులుండెడివట. నేడు మూడు వరుసలే నిలిచియున్నవి. ఒక్కొక్క గది ఒక్క మనిషికే. బందీలను గానుగ కట్టి త్రిప్పించిన సంగతి మనము పుస్తకములలో చదివినదే. అంతగా వినబడనిది స్త్రీల కథ. 1858లో ఈ దీవులలో ఖైదీల వలస ఏర్పడిన పిమ్మట స్త్రీఖైదీలను కూడ తెచ్చి వేరుగా చెరసాలయందుంచిరి. కొన్నేండ్లు శిక్ష గడచిన పిమ్మట వారికి పురుషఖైదీలను పెండ్లాడి గృహస్థులుగా నుండుటకు అనుమతి దొరకెడిది. వారి సంతతి నేటికిని అచ్చట నున్నది. కాలాపానీ దాటి వచ్చి, తిరిగి పుట్టినూరు చూడక, తెలియని నేలపై పొయ్యి వెలిగించిన ఆ ఇల్లాండ్రను తలచుకొని మేము చాలసేపు మాటలాడలేదు.

మరునాటి ఉదయము ఓడనెక్కి రెండు గంటలలో స్వరాజ్ ద్వీపము చేరితిమి. ఇదివరకు దీని పేరు హేవ్‌లాక్. 1943 డిసెంబరు 30వ తేదీన సుభాష్ చంద్రబోసు పోర్టు బ్లెయిరులో పతాకమెత్తిన సంగతికి స్మారకముగా, సరిగా డెబ్బదియైదేండ్లకు, 2018 డిసెంబరు 30న, ఈ పేరు ప్రకటించిరి. దేశవిభజన పిమ్మట తూర్పు బెంగాలునుండి నిరాశ్రయులై వచ్చినవారు ఇచ్చట కుదురుకొని, తమ పల్లెలకు గోవిందనగరము, శ్యామనగరము, కృష్ణనగరము, రాధానగరము అని పేర్లు పెట్టుకొనిరి. సర్వము పోగొట్టుకొని వచ్చినవారు బృందావనమును మాత్రము వెంట తెచ్చుకొనిరి.

మా బస తూర్పుతీరమున, కొబ్బరిచెట్ల నడుమ వెదురు కుటీరములు. ఆటుసమయమున నీరు చాలదూరము వెనుకకు పోయి రాళ్లును, పీతలును బయటపడును. ఆ సాయంకాలము అయిదున్నర కాకమునుపే సూర్యుడస్తమించుట చూచి మేము విస్తుపోతిమి. మన దేశకాలమును నిర్ణయించు 82½ డిగ్రీల రేఖ మా కాకినాడ చెంతగానే పోవుచున్నది. ఆ దీవులు 93 డిగ్రీల దరిని ఉన్నవి. గడియారము ఒక్కటే గాని, అచ్చట సూర్యుడు మనకంటె ఇంచుమించు 40 నిమిషములు ముందు నడచును.

ఇక విశ్రాంతి సంగతి. చెప్పిన నవ్వుదురు గాని, ఆ మొదటిరాత్రి భోజనశాలలో వడ్డించువారు రాగానే మాలో ముగ్గురు లేచి నిలిచితిమి. తిన్న పళ్లెములను ఒకదానిలో ఒకటి పేర్చితిమి. ఇంటికి ఫోను చేసి, పాలు తోడుపెట్టిరా, గ్యాసు కట్టివేసిరా యని యడిగితిమి. తెల్లవారుజామున నాలుగు గంటలకు మెలకువ వచ్చి చూడగా, వదినగారు అరుగుపై ఒంటరిగా కూర్చుండియుండిరి. "మందు వేళ కదమ్మా, మెలకువ వచ్చినది" అనిరి. వేయవలసిన మందు లేదు, త్రాగవలసినవారును లేరు. మేము ఏమియు అనక ప్రక్కన కూర్చుంటిమి. వెలుగు వచ్చువరకు ఇద్దరమును సముద్రపు చప్పుడు వినుచుంటిమి.

ఆ దినమే రాధానగర తీరమునకు పోయితిమి. 2004లో టైము పత్రిక ఆసియాలోని ఉత్తమతీరమని మెచ్చుకొన్నది దీనినే. తెల్లని మెత్తని ఇసుక ఇంచుమించు రెండు కిలోమీటర్ల పొడవున పరచుకొన్నది. తీరము పడమటిది, వెనుక మహావృక్షముల అడవి. అందుచే ఉదయమున ఇసుకపై చల్లని నీడయుండును. మాఘస్నానమని సంకల్పము చెప్పుకొని ఏడుగురము చేతులు పట్టుకొని నీట దిగితిమి. సముద్రతీరపు జిల్లాలో పుట్టి పెరిగియు, మాలో నలుగురు అంతకుమునుపు మోకాలిలోతు దాటినవారు కారు. వదినగారు మూడుమారులు మునిగి, వచ్చి పొడిచీర కట్టుకొని, ఒక చెట్టు మొదట తువాలుపై ఒరగిరి. మరి రెండు నిమిషములకు నిద్రపోయిరి.

పదిన్నరకు మాకు పడవ యుండెను. పగడపుదిబ్బలు చూపుటకు ఎలిఫెంటు బీచికి తీసికొనిపోవు పడవ; సొమ్ము ముందే కట్టితిమి. మాలో చిన్నదానికి ఈ ప్రయాణమంతయు ఆ పగడముల కొరకే. తొమ్మిదిన్నరకు ఆమె, "వదినగారిని లేపుదమా?" అని యడిగినది. లేపవచ్చును; లేపినచో వదినగారు వెంటనే లేచి, "అయ్యో, మీకు ఆలస్యమైనది" అని నొచ్చుకొనుచు ముందు నడుతురు. తొమ్మిదేండ్లుగా ఆమె రాత్రి నిద్ర పిలుపుతో తెగినదే. "మీరు పొండు, నేనుందును" అని ఒకరు. "కాదు, నేనుందును" అని మరియొకరు. చిన్నది కొంతసేపు మొగము ముడుచుకొని నీటివైపు చూచినది. పిదప తన గొడుగు తెచ్చి, ఆకుల సందున వదినగారి మొగముపై పడుచున్న ఎండకు అడ్డముగా పట్టినది. పడవ పోయినది. సొమ్ము తిరిగి రాలేదు. వదినగారు పండ్రెండు గంటలకు లేచి, "ఎవరును పిలువలేదేమి?" అనిరి. "పిలువవలసిన పని లేదు వదినగారూ" అనినది చిన్నది. వదినగారు ఆమె చేతిలోని గొడుగు చూచి, ఏమియు అనక, ఆమె తల నిమిరిరి.

నాటి సాయంకాలము భోజనశాలలో ఎవ్వరమును లేచి నిలువలేదు. వదినగారు రెండవమారు కాఫీ కూడ తెమ్మనిరి.

పోదలచిన సోదరీమణులకు నాలుగు మాటలు. డిసెంబరునుండి ఏప్రిలు వరకు సముద్రము నెమ్మదిగా నుండును; వానకాలమున ఓడలు ఆగిపోవచ్చును. ఓడ టిక్కెట్లు ముందుగనే తీసికొనవలెను. గుర్తింపుకార్డు ప్రతివారి చేతనుండవలెను. కాపరులున్నచోట, వారు చూపిన మేరలోనే స్నానము చేయవలెను. ఆ దీవుల కయ్యలలో మొసళ్లు కలవు. గవ్వలు, పగడపు ముక్కలు పిల్లలకని మూటకట్టరాదు. పగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షింపబడినవి. విమానాశ్రయమున మూటలు చూచెదరు. పగడము రాయి కాదు, ప్రాణి. 2010లో నీరు వేడెక్కినప్పుడు అచ్చటి పగడములు విస్తారముగా తెల్లబారినవి.

ఒక్కరుగా గాక కలిసి పోవలెననుట అన్నిటికంటె ముఖ్యము. ఒంటరిగానున్న ఇల్లాలు తనకు తాను విశ్రాంతి నిచ్చుకొనజాలదు. ఏదో పని వెదకికొనును. మరియొక ఇల్లాలు ప్రక్కన కూర్చుండి, "నీవు పడుకొనుము, నేను చూచుకొందును" అనవలెను. ఇంతకాలము మనము ఈ మాట ఇతరులతో అనుచునే యుంటిమి గాని, మనతో అనువారిని వెదకుకొనలేదు.

హనుమంతునికి రామకార్యము ముందున్నది. ఆయన మైనాకుని దాటిపోవుట తగియే యున్నది. మనకు ప్రతిదినము రామకార్యము కాదు. నెలకు వేయి కాకున్న నూరే కట్టుదురు గాక. అండమానులు కాకున్న ప్రక్కయూరి కాలువగట్టే యగుగాక. రెండేండ్లకొకమారైనను ఆ పర్వతముపై పాదము మోపి కూర్చుండుడు. మనము లేనిచో ఇల్లు నిలుచునా యను సందేహము వలదు. మేము వచ్చునప్పటికి అన్నము ఒకింత మెత్తబడియుండెను గాని, అందరును భోజనము చేసియే యుండిరి.