ఆదిత్యపూర్ నుంచి నేరుగా

ఖర్కాయి నదిమీది వంతెన దాటగానే జంషెడ్‌పూర్ వెనకబడి ఆదిత్యపూర్ ఎదురవుతుంది. ఒకప్పుడు ఇది సరాయికేలా సంస్థానపు నేల. ఈనాడు ఝార్ఖండ్ రాష్ట్రంలోని సరాయికేలా-ఖర్సావా జిల్లాలో భాగం. ఖర్కాయి ఇక్కడికి కొద్ది దూరంలోనే, దోముహానీ వద్ద, సువర్ణరేఖలో కలిసిపోతుంది. పారిశ్రామికవాడలో పగలూ రాత్రీ యంత్రాల చప్పుడే. 1945లో నదికి ఆవల వెలసిన టెల్కో, ఇప్పటి టాటా మోటార్స్, తయారుచేసే లారీలకు కావలసిన విడిభాగాలను ఇక్కడి చిన్న కర్మాగారాలు ఎన్నో తీర్చిదిద్దుతున్నవి. 1960లో నెలకొల్పిన ప్రాంతీయ సాంకేతిక విద్యాసంస్థ కూడా ఈ ఊళ్లోనే ఉన్నది. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అయింది. దేశం నలుమూలల నుంచి, తెలుగునాటి నుంచి కూడా, విద్యార్థులు ఇక్కడికి వచ్చి చదువుకుని, అటునుంచి అటే దూరదేశాలకు పోతుంటారు.

ఇంత పని జరిగే ఊరికి ఒక లోటున్నది. ఇక్కడినుంచి సముద్రాలు దాటి పోదలచినవారు మొదట మరొక ఊరు చేరుకోవాలి. జంషెడ్‌పూర్‌లోని సోనారీ విమానాశ్రయం చాలా చిన్నది. 2023 జనవరి 31న ఉడాన్ పథకం కింద కోల్‌కతా, భువనేశ్వర్‌లకు అక్కడినుంచి సర్వీసు ప్రారంభమైనప్పుడు, అందుకు వచ్చిన విమానంలో ప్రయాణికులకు ఉన్నవి తొమ్మిది సీట్లు. ధల్‌భూమ్‌గఢ్‌లో పెద్ద విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది గాని, అటవీభూమి ప్రశ్న, ఏనుగుల దారి ప్రశ్న అడ్డు రావడంతో పని ముందుకు సాగలేదు. కనుక ఆదిత్యపూర్ వాసికి ఉన్న దారులు రెండు: రోడ్డుమీద సుమారు 130 కిలోమీటర్లు పోయి రాంచీలో విమానమెక్కడం, లేదా టాటానగర్ స్టేషనులో రైలెక్కి సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతా చేరడం.

బండి మారడంలోని కష్టం ఇక్కడి తెలుగువారికి కొత్త కాదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె బయటికి వచ్చిన నాటినుంచి, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల జనం పనికోసం ఇటు నడిచారు. అప్పటికి ఆ ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాలు. అప్పటి స్టేషను పేరు కాళీమాటి. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినప్పుడు స్టేషను టాటానగర్ అయింది. సముద్రతీరపు లైనులో వచ్చినవారు ఖరగ్‌పూర్‌లో దిగి, ట్రంకుపెట్టెలూ పిల్లలనూ దింపుకుని, పడమటికి పోయే బండికోసం కాచుకొనవలసి ఉండేది. అలా వచ్చినవారి సంతతే ఇప్పటి తెలుగువాళ్లలో చాలామంది. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారు కట్టుకున్నదే.

తరువాతి తరానికి లింకు బోగీలు వచ్చినవి. టాటానగర్ నుంచి బయలుదేరిన కొన్ని పెట్టెలను రూర్కెలాలో ధన్‌బాద్-అలెప్పీ ఎక్స్‌ప్రెస్‌కు తగిలించేవారు. ప్రయాణికుడు కదలనక్కరలేదు, పెట్టే బండి మారేది. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం వచ్చేవరకు సామాను సీటు కిందనే ఉండేది. ఆ పెట్టెల స్థానంలో ఇప్పుడు టాటానగర్-ఎర్నాకుళం మధ్య విడిగా ఒక ఎక్స్‌ప్రెస్సే ఉన్నది. దూరం తగ్గకపోయినా, మధ్యలో దిగవలసిన పని లేకపోవడమే ఎంత మేలో ఈ కుటుంబాలు రైలు నుంచే నేర్చుకున్నవి.

మూడో తరం అమెరికా చేరింది. ఇప్పుడు ప్రయాణం చేసేది ఎక్కువగా తల్లులు. కూతురికో కోడలికో పురుడు పోయాలి. డాక్టరు తేదీ చెప్పేశాడు. తండ్రి ఆరోగ్యమో, ఆయన ఉద్యోగమో ఆయనను ఇంటిపట్టునే ఉంచుతుంది. అరవై దాటిన ఆ ఇల్లాలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ ధారాళంగా మాట్లాడుతుంది. ఇంగ్లీషు బోర్డు కూడబలుక్కుని చదవగలదు. కాని లౌడ్‌స్పీకరులో వడివడిగా చెప్పే ఇంగ్లీషు ఆమె చెవికి అందదు. అటువంటి ఆమెకు పిల్లలు ప్రేమతో పంపేది, చాలాసార్లు, పాయింట్లతో తీసుకున్న అవార్డు టికెట్టు.

ఈ పాయింట్ల పద్ధతి వయస్సు నాలుగు దశాబ్దాలు దాటింది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ‘ఆడ్వాంటేజ్’ పథకాన్ని ప్రారంభించి, మాటిమాటికీ ప్రయాణించేవారి మైళ్లను ఖాతాలో జమకట్టింది. తక్కిన సంస్థలు ఆ బాటే పట్టినవి. సంస్థలు కూటములుగా ఏర్పడ్డాక ఒకరి పాయింట్లతో మరొకరి విమానం ఎక్కే వీలు కలిగింది. ఎయిర్ ఇండియా 2014 జులై 11న స్టార్ అలయన్స్ అనే కూటమిలో చేరింది. ‘ఫ్లయింగ్ రిటర్న్స్’ అన్న దాని పాయింట్ల పథకం 2025లో ‘మహారాజా క్లబ్’ అయింది. జంషెడ్‌పూర్ జనానికి ఈ సంస్థ పరాయిది కాదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా విమానం నడిపారు. అక్కడినుంచి నెవిల్ వింట్‌సెంట్ దానిని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. ఆ రోజుతో మొదలైన సంస్థే 1953లో జాతీయమై, 2022 జనవరి 27న తిరిగి టాటాల చేతికి వచ్చింది.

అవార్డు టికెట్టును ఉచిత టికెట్టు అంటారు గాని, దానికీ ఒక వెల ఉన్నది. పన్నులు, రుసుములు రొక్కంగా కట్టాలి. అంతకన్న ముఖ్యమైన వెల, ప్రయాణికుడి ఇష్టానికి ఉండే పరిమితి. ప్రతి విమానంలోనూ ఈ టికెట్లకు విడిచే సీట్లు కొద్ది. అందరూ కోరే నేరు విమానంలో ఆ కొద్దీ ముందే అయిపోతవి. అందువల్ల పిల్లలకు మొదట దొరికేది చుట్టుదారి: రాంచీ, ఢిల్లీ, ఫ్రాంక్‌ఫర్ట్, షికాగో, ఆపైన శాన్‌ఫ్రాన్సిస్కో. ‘ముందు ఇది ఉంచుకుందాం, తరవాత మార్చుకోవచ్చు’ అని తీసుకుంటారు. ఆలోచన మంచిదే. అయితే మార్చుకోవడానికి ఒక క్రమం ఉన్నది. అది తెలియక తొందరపడితే ఉన్న టికెట్టు కూడా చేజారవచ్చు.

మొదటి సంగతి, మార్చే అధికారం ఎవరిది? విమానం నడిపే సంస్థది కాదు. ఎవరి పథకంలోని పాయింట్లు ఖర్చయినవో వారిది. ఒక సంస్థ పాయింట్లతో కొన్న టికెట్టుతో మరొక సంస్థ విమానం ఎక్కేవారు, ఆ రెండో సంస్థ కౌంటరుకు పోయి మార్చమంటే సాధారణంగా పని జరగదు. ఖాతా కొడుకు పేర ఉంటే అడగవలసినవాడు కొడుకే. ఆదిత్యపూర్‌లో టికెట్టు తల్లి చేతిలో ఉంటుంది, దాని తాళంచెవి మాత్రం పన్నెండు పదమూడు గంటల తేడాలో బతికే కొడుకు దగ్గర ఉంటుంది. ఈ సంగతి తల్లికి ముందే చెప్పి ఉంచాలి.

రెండో సంగతి, కొత్త సీటు చేతికి వచ్చేదాకా పాతదాన్ని వదలరాదు. నేరు విమానంలో అవార్డు సీటు ఉన్నదని నిర్ధారించుకున్న తరువాతనే మార్పు కోరాలి. రద్దుచేసి మళ్లీ కొంటామనుకుంటే, పాయింట్లు ఖాతాలోకి తిరిగి రావడానికి పట్టే వ్యవధిలో ఆ ఒక్క సీటూ మరొకరిది కావచ్చు. మార్పు చేశామన్న మాటతోనూ తృప్తిపడరాదు. రిజర్వేషను వేరు, టికెట్టు వేరు. రిజర్వేషనులో కొత్త విమానం కనిపిస్తూ, టికెట్టు మాత్రం పాత విమానానిదే ఉండిపోతే, బయలుదేరే రోజున కౌంటరులో చిక్కు వస్తుంది. టికెట్టును తిరిగి జారీచేశారో లేదో అడిగి, కొత్త విమానం వివరాల పక్కన ఉన్న పదమూడంకెల టికెట్టు సంఖ్యను రాసుకోవడం మేలు.

మూడో సంగతి, అడగవలసిన వేళ. చాలా సంస్థలు ప్రయాణానికి దాదాపు పదకొండు నెలల ముందు సీట్లు తెరుస్తవి. అప్పుడు కొన్ని అవార్డు సీట్లు దొరుకుతవి. మళ్లీ ప్రయాణం దగ్గరపడి, అమ్ముడుపోని సీట్లు మిగిలితే, మరికొన్నింటిని విడవడం కద్దు. ఈ రెండింటికీ మించిన అవకాశం ఇంకొకటి ఉన్నది. సంస్థే తన విమానపు వేళను గణనీయంగా మార్చినా, ఒక విమానాన్ని రద్దుచేసినా, చాలా పథకాలు రుసుము లేకుండా మరొక విమానానికి మారనిస్తవి. అటువంటి కబురు వచ్చినప్పుడు విసుక్కుని ‘అంగీకారం’ మీట నొక్కేవారే ఎక్కువ. నొక్కే ముందు, నేరు విమానంలో చోటిమ్మని అడగడానికి అదే సరైన అదను.

నాలుగో సంగతి రాంచీ, కోల్‌కతాలకు సంబంధించినది. విమాన టికెట్టు రైలు టికెట్టువంటిది కాదు. రైలును మధ్య స్టేషనులో అందుకునే అలవాటు ఉన్నవారు, రాంచీ నుంచి రాసిన టికెట్టుతో ఢిల్లీలో ఎక్కవచ్చునని అనుకుంటారు. మొదటి విమానం ఎక్కకపోతే ముందున్న విమానాలన్నింటినీ సంస్థ రద్దుచేస్తుంది. కోల్‌కతా నుంచి పోవడమే అనుకూలమైతే, టికెట్టు బయలుదేరే ఊరినే మార్పించి, తిరిగి జారీచేయించుకోవాలి. పాయింట్ల లెక్క దానితోపాటు మారవచ్చు. కోల్‌కతా నుంచి దోహా, దుబాయి, సింగపూరు మీదుగా పోయే దారులు ఉన్నవి గాని, అక్కడి సంస్థలన్నీ ఒకే కూటమివి కావు. ఖాతాలోని పాయింట్లు ఏ దారిలో చెల్లుతవో ముందు చూసుకోవాలి.

ఇక నేరు విమానమన్న మాటకే అర్థం తెలుసుకోవాలి. విమానసంస్థల భాషలో ‘డైరెక్ట్’ అంటే ఒకే విమాన సంఖ్యతో పోయేది. అది మధ్యలో ఎక్కడైనా ఆగవచ్చు. ఎక్కడా ఆగనిది ‘నాన్‌స్టాప్’. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నాన్‌స్టాప్ విమానం ప్రారంభించింది. 2021 జనవరిలో హైదరాబాదు-షికాగో విమానం మొదలైనప్పుడు తెలుగు కుటుంబాలు ఎంతో సంతోషించినవి, అది నిలవలేదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేయగా, ఎయిర్ ఇండియా అమెరికా విమానాలు కొన్ని ఇంధనంకోసం వియన్నా వంటి చోట్ల ఆగవలసి వచ్చింది. ఆ సంవత్సరమే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ముంబయికి వచ్చే విమానం కోల్‌కతాలో మజిలీ చేసింది. జంషెడ్‌పూర్ పోవలసినవారు అందులో ఉంటే, ఇంటికి నాలుగైదు గంటల రైలు దూరంలో ఆగి, మళ్లీ దేశానికి అటువైపు కొసకు ఎగిరిపోయి ఉంటారు. ఇంధనంకోసం ఆగినచోట ప్రయాణికులు సాధారణంగా దిగరు. అది గంటలను పెంచుతుందే తప్ప దారిని చిక్కుపరచదు.

తల్లికోసం టికెట్టు మార్చేవారు ఇక్కడే ఒక లెక్క వేసుకోవాలి. పిల్లలు గంటలు లెక్కిస్తారు, పాయింట్లు లెక్కిస్తారు. తల్లికి కావలసిన లెక్క వేరు: ఆమె ఎన్నిసార్లు పెట్టె దించుకోవాలి, ఎన్నిసార్లు దారి అడగాలి? అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే, ఆపైన మరొక విమానం ఉన్నా సరే, సాధారణంగా పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటించి తిరిగి అప్పగించాలి. షికాగోలో మారే టికెట్టుకు ఆ పని ఉన్నది. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే దిగే టికెట్టుకు లేదు, బయట కూతురే ఉంటుంది. కొన్ని దేశాలలో విమానం మారడానికే ట్రాన్సిట్ వీసా చూపాలి. విమానాశ్రయాలలో చక్రాల కుర్చీ కోరే భారతీయ వృద్ధులలో పలువురికి కాళ్ల నొప్పికన్న దారి భయమే ఎక్కువ. ఒక మజిలీ తగ్గించడానికి మరికొన్ని వేల పాయింట్లు అడిగితే, అవి ఆ భయానికి కట్టే వెల. మారే చోటు ఢిల్లీ ఒక్కటే అయినప్పుడు, హిందీలో అడిగి తెలుసుకోగలిగిన ఊరు గనుక, ఆమెకు అది పెద్ద అడ్డు కాదు.

పురుటికి పోయేవారికి ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. నేరు విమానం ఆలస్యంగా దొరికితే, దానికోసం ప్రయాణాన్ని డాక్టరు చెప్పిన తేదీకి మరీ దగ్గరగా జరపరాదు. బిడ్డ తేదీకి ముందే రావచ్చు. పది రోజుల ముందు చుట్టుదారిన చేరిన తల్లి, తేదీనాడు నేరుగా చేరిన తల్లికన్న ఆ ఇంటికి ఎక్కువ అక్కరకు వస్తుంది. అటువంటప్పుడు పోయేటప్పటి టికెట్టును ఉన్నదున్నట్టు ఉంచి, తిరుగు ప్రయాణాన్ని మాత్రం మార్చుకోవడం తెలివైన పని. వచ్చేటప్పుడు తొందర ఉండదు, నెలల వ్యవధి ఉంటుంది. నేరు విమానంలో సీటుకోసం ఓపికగా వెదకవచ్చు.

అన్నీ తేలిన తరువాత చేయవలసింది ఒక కాగితం రాసి ఇవ్వడం. ఒకవైపు తెలుగులో ఆమెకోసం, రెండోవైపు అవే మాటలు ఇంగ్లీషులో దారి చూపేవారికోసం: విమాన సంఖ్య, దిగే ఊరు, పెట్టెలు తీసుకోవలసిన చోటు, కూతురి ఫోను నంబరు. టాటానగర్ స్టేషనులో అయినా, రాంచీ రోడ్డుమీద అయినా ఆమె దానిని ఒకటికి రెండుసార్లు చదువుకుంటుంది. టికెట్టు మార్చడానికి రాత్రుళ్లు మేలుకుని ఫోనులో కాచుకున్న కొడుకు కష్టమంతా ఆ కాగితంలో కనిపిస్తుంది. నిరుడు అయిదు వరుసలున్నచోట ఈసారి మూడే ఉంటవి.