అడిగింది సాంబాని కాదట!

“అరే ఓ సాంబా, కిత్నే ఆద్మీ థే?” అనగానే ‘షోలే’లో గబ్బర్‌సింగ్ డైలాగని మీరు ఇట్టే చెప్పేస్తారు కదూ! మా ఇంట్లో భోజనానికి చుట్టాలొస్తే చాలు, మావారు గొంతు మార్చి నన్నడిగేది ఈ మాటే.

మొన్న ఆదివారం టీవీలో ఆ సినిమా వస్తే అందరం కూర్చున్నాం. 1975 ఆగస్టు 15న విడుదలైందది. నేనింకా పుట్టనే లేదు. ఆ రోజుల్లో దాని డైలాగులు రికార్డులుగా కూడా అమ్మారట. ఆ సీను రాగానే మావారు గొంతు సవరించుకున్నారు. తీరా చూస్తే గబ్బర్ ఆ ప్రశ్న సాంబాని అడగనే లేదు! ఉత్త చేతులతో తిరిగొచ్చిన కాలియానీ, వాడి వెంట ఉన్న ఇద్దరినీ నిలబెట్టి అడుగుతాడు. ఎదిరించింది ఇద్దరేనని తెలిసి నాలుగు తిట్టాక, అప్పుడు సాంబాని పిలిచి, తన మీద సర్కారు ఎంత బహుమతి పెట్టిందో చెప్పమంటాడు. “పూరే పచాస్ హజార్” అంటాడు సాంబా. అంటే యాభై వేలన్నమాట. ఒక మాటలోని పేరు, ఇంకో మాటలోని ప్రశ్న తెచ్చి మనమే అతికించేశాం!

“ఇంగ్లీషు సినిమాలకీ ఇదే గతి” అన్నాడు మావాడు. 1942 నాటి ‘కాసాబ్లాంకా’లో “ప్లే ఇట్ ఎగైన్, శామ్” అందని లోకమంతా చెప్పుకుంటుందట. హీరోయిన్ అన్నది “ప్లే ఇట్, శామ్” అనేనట. మళ్లీ అన్న మాటే లేదట.

అందరూ నవ్వారు గానీ, నాకెందుకో మా వదినగారు గుర్తొచ్చారు. ఆరేళ్ల క్రితం మా గృహప్రవేశంలో ఆవిడ “చేతకానప్పుడు ఒప్పుకోకూడదు సుజాతా” అన్నారని ఎవరో నా చెవిన వేశారు. అప్పట్నుంచీ ఆవిడతో నావి ముక్తసరి మాటలే.

రాత్రి మావారిని అడిగేశాను. “ఆ మాట వంటాయన్ని కదే అంది, పులిహోర సగం మందికే సరిపోయిందని. నిన్ను పిలిచి, ‘సుజాతా, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, ముందు కూర్చో’ అంది. నేను పక్కనే ఉన్నా” అన్నారు.

“మరి ఇన్నాళ్లూ చెప్పరేం?”

“నువ్వడిగితే కదా!”

ఆ రాత్రంతా నిద్రపడితే ఒట్టు. ఆరేళ్లు! ఆవిడ మోకాలి ఆపరేషన్‌కి కూడా చుట్టపుచూపుగా వెళ్లొచ్చాను.

పొద్దున్నే ఫోన్ చేశాను. ఏమని మొదలుపెట్టాలో తెలీక నీళ్లు నములుతుంటే, “టిఫినయిందా అమ్మాయ్?” అన్నారు వదినగారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

సినిమా డైలాగు తప్పుగా చెప్పుకున్నా ఎవరికీ నష్టం లేదు. ఇంటి మనుషుల మాట అలా కాదు కదండీ. మీకూ ఎవరైనా “ఫలానావిడ నిన్నిలా అంది” అని చెప్తే, మనసులో పెట్టుకునే ముందు ఆ అన్నావిడనే ఒక్కసారి అడిగి చూడండి. నాలా ఆరేళ్లు ఆగకండి.